శుభ్రపడింది ఏ కణం?

ఫాబ్రీ వ్యాధికి ఎంజైమ్ మందుగా వచ్చి పాతికేళ్లు కావస్తోంది. ఈ కాలంలో ఒక మాట డాక్టర్ల నోళ్లలోనూ మందుల ప్రచారంలోనూ రోగుల కుటుంబాల్లోనూ స్థిరపడిపోయింది. ఎంజైమ్ ఎక్కిస్తే పేరుకున్న కొవ్వు పోతుంది, రక్తపరీక్షలో అంకె దిగుతుంది, అంకె దిగితే వ్యాధి అదుపులో ఉన్నట్టే అన్నది ఆ మాట. ఇది తప్పు. సగం నిజం కలిసి ఉండటం వల్ల దీన్ని ఎవరూ తిరిగి ప్రశ్నించడం లేదు. మందు వాడుతున్న రోగి కిడ్నీ ముక్కనూ గుండె ముక్కనూ సూక్ష్మదర్శిని కింద జాగ్రత్తగా చూసినవాళ్లు మాత్రం ఈ మాట ఇంత ధీమాగా అనలేరు.

వ్యాధి సంగతి ముందు క్లుప్తంగా చెబుతాను. 1898లో జర్మనీలోని డార్ట్‌మండ్‌లో యోహానెస్ ఫాబ్రీ, లండన్‌లో విలియం ఆండర్సన్, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, చర్మం మీద ముదురెరుపు చుక్కలున్న రోగుల గురించి రాశారు. చర్మరోగం అనుకున్నది ఒళ్లంతా పాకిన రోగమని తేలడానికి దశాబ్దాలు పట్టింది. కణంలో పాతబడిన పదార్థాలను ముక్కలుచేసే చిన్న సంచులుంటాయి. వాటిని లైసోసోమ్‌లంటారు. ఆల్ఫా గెలాక్టోసిడేజ్ ఏ అనే ఎంజైమ్ పుట్టుకతోనే లోపించినవాళ్లలో జీబీ3 అనే కొవ్వు పదార్థం ముక్కలు కాకుండా ఆ సంచుల్లోనే పేరుకుపోతుంది. లోపించింది ఏ ఎంజైమో 1967లో రాస్కో బ్రేడీ బృందం తేల్చింది. జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది కనక మగపిల్లల్లో తీవ్రంగా బయటపడుతుంది. పదేళ్లు నిండకముందే అరచేతులు, అరికాళ్లు మండుతాయి. చెమట పట్టదు. మే నెల ఎండలో నిలబడలేని ఆ పిల్లవాణ్ణి బద్ధకస్తుడంటారు, ఎదిగే వయసులో నొప్పులు మామూలే అంటారు. ముప్పై, నలభై ఏళ్లు వచ్చేసరికి కిడ్నీలు దెబ్బతింటాయి, గుండె గోడలు మందమవుతాయి, పక్షవాతమూ రావచ్చు.

ఇప్పుడు ఆ సగం నిజం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. 2001లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధన అచ్చయింది. 58 మంది రోగులు. సగం మందికి కిలో బరువుకు ఒక మిల్లీగ్రాము చొప్పున అగాల్సిడేజ్ బీటా అనే ఎంజైమ్, సగం మందికి మందు లేని ద్రావణం, రెండు వారాలకోసారి, 20 వారాలపాటు ఎక్కించారు. తర్వాత కిడ్నీ బయాప్సీ చేశారు. ఎంజైమ్ అందుకున్న 29 మందిలో 20 మందికి కిడ్నీలోని సన్నని రక్తనాళాల లోపలి పొర శుభ్రపడింది. రెండో గుంపులో ఒక్కరికీ శుభ్రపడలేదు. అరుదైన వ్యాధుల పరిశోధనలో ఇంత తేటతెల్లమైన తేడా కనిపించడం గొప్ప విషయం, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. యూరప్ అదే ఏడాది అనుమతి ఇచ్చింది. అమెరికా 2003లో త్వరిత పద్ధతిలో ఇచ్చింది. రోగికి జరిగే మేలు ఇంకా రుజువు కావాలి, అందాకా ఈ కణజాల ఫలితాన్ని సూచనగా ఒప్పుకుంటున్నాం అన్నది ఆ పద్ధతి అర్థం. ఆ అనుమతి పూర్తి అనుమతిగా మారడానికి 2021 దాకా పట్టింది.

శుభ్రపడింది ఏ కణం? రక్తనాళపు లోపలి పొర కణం. మందు నరంలోకి ఎక్కుతుంది, రక్తంతో ప్రవహిస్తుంది, మొట్టమొదట తాకేది ఆ కణాన్నే. దాన్ని శుభ్రపరచడం ఎంజైమ్‌కు అన్నిటికన్నా తేలికైన పని. 20 వారాల్లో మార్పు కనిపించాలి, లెక్కకు అందాలి, కనక పరిశోధకులు దాన్ని కొలబద్దగా ఎంచుకున్నారు. అందులో దోషమేమీ లేదు. దోషం ఆ తర్వాత జరిగింది. ఆ ఒక్క కణం ఫలితాన్ని కిడ్నీ మొత్తానికీ, కిడ్నీ ఫలితాన్ని ఒంటి మొత్తానికీ అన్వయించి చెప్పడం అలవాటైంది. ప్రహరీ గోడకు సున్నం కొట్టించి ఇల్లంతా బాగుచేయించామని చెప్పుకోవడం లాంటిదిది.

కిడ్నీ నిలబడేదీ కూలేదీ వేరే కణం మీద. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల వడపోత గుచ్ఛాలుంటాయి. సన్నని రక్తనాళాలు ఉండలా చుట్టుకున్న ఆ గుచ్ఛానికి వెలుపలివైపు పోడోసైట్లనే కణాలుంటాయి. అవి కాళ్లు చాచి నాళాన్ని పట్టుకుని కూర్చుంటాయి. ఆ కాళ్ల మధ్య సందుల్లోంచి నీరు దిగుతుంది, ప్రొటీన్ మాత్రం రక్తంలోనే ఉండిపోతుంది. పోడోసైట్లు దాదాపుగా విభజన చెందవు. రక్తనాళపు పొర కణం పాడైతే పక్క కణం పుట్టి పూడుస్తుంది, పోడోసైట్ ఊడిపోతే దాని చోటు దాదాపు ఖాళీగానే మిగులుతుంది. అలాంటి ఖాళీలు పెరిగిన గుచ్ఛం మచ్చకట్టి గట్టిపడుతుంది. అలా గట్టిపడ్డ గుచ్ఛాన్ని ఏ ఎంజైమూ తిరిగి తేలేదు. ఫాబ్రీ వ్యాధిలో జీబీ3 అన్నిటికన్నా ఎక్కువగా, చిన్న వయసునుంచే నిండేది ఈ పోడోసైట్లలోనే. మందు అక్కడికి చేరాలంటే నాళపు పొరనూ దాని వెనకున్న పలచని ఆధారపు పొరనూ దాటాలి. ఎంజైమ్ పెద్ద అణువు కనక తేలిగ్గా దాటలేదు.

ఇదేదో ఇటీవల బయటపడిన రహస్యం కాదు. 2001 పరిశోధనలోని బయాప్సీలనే కణాలవారీగా మళ్లీ పరిశీలించి 2002లో ఇంకో వ్యాసం అచ్చువేశారు. అందులోనే స్పష్టంగా ఉంది: నాళాల లోపలి పొర బాగా శుభ్రపడింది, గుచ్ఛం మధ్యనుండే మెసాంజియల్ కణాలు శుభ్రపడ్డాయి, పోడోసైట్లలోనూ చివరి నాళికల కణాల్లోనూ తగ్గుదల పరిమితంగానే ఉంది. రాసినవాళ్లు దాచలేదు. చదివినవాళ్లు మొదటి వాక్యం దగ్గర ఆగిపోయారు.

చూపు ఇక్కడ ఎందుకు మోసపోతుందో లాబ్‌లో స్లైడు తయారయ్యే తీరు చెబుతుంది. బయాప్సీ ముక్కను మామూలుగా ఫార్మలిన్‌లో వేసి, ఆల్కహాల్‌లో ముంచి, జైలీన్‌లో ముంచి, పారాఫిన్ మైనంలో దిమ్మ కట్టిస్తారు. ఆల్కహాల్, జైలీన్ రెండూ కొవ్వును కడిగేస్తాయి. చివరికి స్లైడు మీద మిగిలేవి పోడోసైట్లలో నురగలాంటి ఖాళీలు మాత్రమే. ఆ ఖాళీల్లో ముందు ఎంత పదార్థం ఉందో, మందు వాడాక ఎంత తగ్గిందో వాటిని చూసి చెప్పడం కష్టం. అదే ముక్కలో కొంత భాగాన్ని గ్లుటరాల్డిహైడ్‌లో భద్రపరచి, ప్లాస్టిక్ రెసిన్‌లో పోతపోసి, ఒక మైక్రాన్ మందాన కోసి, టాలుయిడిన్ బ్లూ రంగు వేస్తే దృశ్యం మారిపోతుంది. పేరుకున్న పదార్థం ముదురు నీలి రేణువులుగా నిలబడుతుంది. మందు వాడుతున్న రోగి ముక్కలో తరచు కనిపించేది ఇదీ: నాళం లోపలి పొర తేటగా, పలచగా, ఒక్క రేణువు కూడా లేకుండా ఉంటుంది. ఆ నాళాన్నే పట్టుకుని బయట కూర్చున్న పోడోసైట్ మాత్రం రేణువులతో కిక్కిరిసి, కేంద్రకం ఒక మూలకు జరిగిపోయి ఉంటుంది. రెండింటికీ మధ్య దూరం మైక్రాన్‌లో మూడోవంతో సగమో. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఆ రేణువులు జీబ్రా చారల్లాంటి పొరలుగా కనిపిస్తాయి. కీళ్లవాతానికి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ కూడా ఇలాంటి చారలే తెస్తుంది కనక రోగి ఏ మందులు వాడాడో తెలియకుండా ఈ స్లైడు చదవకూడదు. అది వేరే సంగతి, కానీ మన దగ్గర రిక్విజిషన్ ఫారాల్లో చాలాసార్లు ఖాళీగా వదిలేసే గడి అదే.

ఒకే చూపులో కనిపించే ఈ రెండు కణాల్లో దేన్ని చూసి 'మందు పనిచేసింది' అని రాయాలి? నాళం పొర మీద పనిచేసింది, పోడోసైట్ మీద చాలినంత పనిచేయలేదు అని రెండూ రాయాలి. 'నిల్వలు తగ్గాయి' అని ఒక్క ముక్కలో తేల్చేసిన రిపోర్టు రోగికి అన్యాయం చేసినట్టే.

గుండె కథ ఇంకా కఠినం. మందు తీసుకున్నవారి గుండె కండరం బయాప్సీలు చూస్తే సన్ననాళాల లోపలి పొర ఇక్కడా శుభ్రపడింది. కొట్టుకునే కణాల్లో, అంటే గుండె కండర కణాల్లో, నిల్వలు కదలలేదు. కండర కణాలు చచ్చిపోయిన చోట పీచు కట్టాక పరిస్థితి మరీ తీవ్రం. ఎమ్మారై స్కాన్‌తో జర్మనీలో చేసిన పరిశీలనలో, పీచుకట్టు లేనప్పుడే మందు మొదలైనవారికి గుండె మందం తగ్గింది, పని మెరుగైంది. పీచుకట్టాక మొదలైనవారికి ఆ మేలు దక్కలేదు. ఇద్దరి రక్తంలోనూ అంకె దిగుతుంది. అంకెలో ఆ ఇద్దరి మధ్య తేడా కనబడదు.

ఆ అంకె సంగతీ చూడాలి. 2008లో నెదర్లాండ్స్ బృందమొకటి లైసో-జీబీ3 అనే పదార్థం ఫాబ్రీ రోగుల రక్తంలో చాలా ఎక్కువగా ఉంటుందని చూపింది. రోగ నిర్ధారణకు అది ఎంతో ఉపయోగపడుతోంది. మందు మొదలుపెట్టగానే నెలల్లో బాగా దిగుతుంది కూడా. అయితే రక్తంలో తేలేదాన్ని మందు ముందే పట్టుకుంటుంది. పోడోసైట్‌లో పదేళ్లుగా పేరుకున్నది ఎంత మిగిలిందో ఆ దిగుదల చెప్పదు. స్త్రీలలోనైతే వ్యాధి ఉండి కూడా ఈ అంకె మొదటినుంచీ మామూలుగానే ఉండొచ్చు. ఫాబ్రీ జన్యువున్న స్త్రీని ఇప్పటికీ కొందరు డాక్టర్లు ఉత్త 'క్యారియర్' అని ఇంటికి పంపించేస్తున్నారు. ఆమె కిడ్నీ ముక్కలో ఒకే గుచ్ఛంలో నిండిన పోడోసైట్, దాని పక్కనే ఖాళీ పోడోసైట్ కనిపిస్తాయి. ప్రతి కణంలోనూ రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటే పనిచేస్తుంది కనక కిడ్నీ అంతా ఇలా గళ్లుగళ్లుగా ఉంటుంది. ఆ నిండిన కణాలు ఊడిపోవడం మొదలైతే ఆమెకూ మూత్రంలో ప్రొటీన్ పోతుంది, ఆమెకూ గుండె మందమవుతుంది.

కిడ్నీ ముక్క తీయడమెందుకు, మూత్రంలో ప్రొటీన్ చూస్తే సరిపోదా అన్నది తర్వాత వినిపించే వాదన. బయాప్సీలో రక్తస్రావం ప్రమాదం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, ప్రతి రోగికీ ఏటా చేయాలని ఎవరూ అనడం లేదు. కానీ సరిపోతుందన్న మాట మాత్రం నిలబడదు. నార్వేలోని బెర్గెన్ నగరపు బృందం ఫాబ్రీ ఉన్న పిల్లల, యువకుల కిడ్నీ బయాప్సీలను ఏళ్ల తరబడి పరిశీలించింది. మూత్రంలో అల్బుమిన్ దాదాపు మామూలుగా ఉన్న పిల్లల్లోనూ పోడోసైట్ల కాళ్లు చదునైపోవడం, నాళాల గోడలు మార్పు చెందడం వాళ్లకు కనిపించింది. మూత్రపరీక్ష మామూలుగా ఉందని ఎదురుచూసేలోగా కణం దెబ్బతిని ఉంటుంది. ఆ పరీక్ష చెడి కనబడే రోజుకు ఆ కిడ్నీలో కొన్ని గుచ్ఛాలు ఇక తిరిగిరావు. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంత మోతాదివ్వాలి అన్న నిర్ణయం బయాప్సీ మీద ఆధారపడే చోట దాన్ని తప్పించుకోవడం పిల్లవాడి మీద దయ చూపడం కాదు.

మోతాదు గురించి బలమైన సాక్ష్యం కూడా కణజాలంలోనే దొరికింది. అదే బృందం 7 నుంచి 33 ఏళ్ల మధ్య వయసున్న 12 మంది యువ రోగులకు మందు ముందు ఒకసారి, ఐదేళ్లు మందు వాడాక ఒకసారి బయాప్సీలు చేసి 2013లో ఫలితాలు వెలువరించింది. నాళాల లోపలి పొర, మెసాంజియల్ కణాలు అందరికీ శుభ్రపడ్డాయి, తక్కువ మోతాదు తీసుకున్నవాళ్లతో సహా. పోడోసైట్లు మాత్రం ఐదేళ్లలో మొత్తం ఎంత మందు ఒంట్లోకి వెళ్లిందో దానికి తగ్గట్టు తగ్గాయి. ఎక్కువ మందు అందినవాళ్లకు బాగా, తక్కువ అందినవాళ్లకు కొద్దిగా. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన దానికి ఇంతకంటే గట్టి ఆధారం అక్కర్లేదు. నాళపు పొరను కొలబద్దగా పెట్టుకుంటే చిన్న మోతాదూ పెద్ద మోతాదూ సమానంగా కనిపిస్తాయి. పోడోసైట్‌ను కొలబద్దగా పెట్టుకుంటే సమానం కావు.

కోరుకోకుండానే ఒక పరీక్ష ప్రపంచమంతటా జరిగిపోయింది కూడా. 2009 జూన్‌లో అమెరికాలోని ఆల్‌స్టన్‌లో ఈ మందు తయారయ్యే కర్మాగారంలో కణాల తొట్టెల్లోకి ఒక వైరస్ చొరబడింది. ఉత్పత్తి ఆగింది, సరఫరా తగ్గింది, ఎందరో రోగుల మోతాదు తగ్గించారు, కొందరికి మందే మార్చారు. మోతాదు తగ్గినవారిలో కొందరికి తర్వాతి కాలంలో కిడ్నీ పని తగ్గింది, నొప్పులు తిరగబెట్టాయి. కొన్నాళ్లు సగం మందుతో నడిపినా ఏం కాదులే అన్నవాళ్లకు ఆ రోగులే జవాబు.

అయినా పాత కొలబద్ద మీద మోజు పోలేదు. నోటితో వేసుకునే మిగాలాస్టాట్‌కు 2018లో అమెరికా త్వరిత అనుమతి ఇచ్చినప్పుడు ముందుకు తెచ్చిన ఆధారం మళ్లీ కిడ్నీలోని సన్ననాళాల నిల్వలే. 2023లో అనుమతి పొందిన పెగునిగాల్సిడేజ్ ఆల్ఫా విషయంలో కిడ్నీ వడపోత ఏటా ఎంత వేగంగా తగ్గుతోందో పాత మందుతో పక్కపక్కన పెట్టి పోల్చారు. అది మెరుగైన దారి. దాంతోపాటు పోడోసైట్ లెక్క కూడా ఉండి ఉంటే ఇంకా మెరుగ్గా ఉండేది.

నా వాదన విని, అయితే ఈ మందు వల్ల లాభమే లేదన్నమాట, ఇంత ఖరీదైన దాని మీద ప్రభుత్వ సొమ్ము ఎందుకు అని అడిగేవాళ్లు తయారుగా ఉంటారు. వాళ్లకు నా సమాధానం ఇంకా గట్టిది. కిడ్నీ కొంత దెబ్బతిన్న 82 మంది పెద్దవాళ్లతో చేసి 2007లో ప్రచురించిన పరిశోధనలో ఎంజైమ్ అందుకున్నవారికి కిడ్నీ, గుండె, మెదడు ప్రమాదాలు ఆలస్యమయ్యాయి. కిడ్నీ పని ఇంకా నిలబడి ఉన్నవారికే ఆ మేలు ఎక్కువగా దక్కింది. అదే సంవత్సరం వచ్చిన దీర్ఘకాల ఫలితాల్లో చాలామందికి కిడ్నీ స్థిరంగా నిలిచింది. దిగజారినవాళ్లలో ఎక్కువమంది మందు మొదలుపెట్టే నాటికే రోజుకు ఒక గ్రాముకు మించి ప్రొటీన్ పోగొట్టుకుంటున్నవారు, సగం గుచ్ఛాలు అప్పటికే గట్టిపడినవారు. మందు చేతకానిదైతే ఈ తేడా ఎక్కడిది? సరైన వయసులో, సరైన మోతాదులో అందితే మందు పనిచేస్తుందని కణజాలమే చెబుతోంది. ఆలస్యంగా మొదలుపెట్టి, తక్కువిచ్చి, ఆపైన ఫలితం లేదని మందును నిందించడం అన్యాయం.

మన దేశంలో ఈ గొడవ కాగితాల మీదిది కాదు. 2021లో వచ్చిన అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో ఫాబ్రీని మూడో గుంపులో చేర్చారు. ఖచ్చితమైన చికిత్స ఉండి, ఖర్చు చాలా ఎక్కువై, జీవితాంతం కొనసాగించాల్సిన వ్యాధుల గుంపది. హైదరాబాద్‌లోని నిమ్స్ లాంటి ఎంపిక చేసిన కేంద్రాల ద్వారా ఒక రోగికి 50 లక్షల రూపాయల దాకా సాయం అందుతుందని 2022లో సవరించారు. జీవితాంతం వాడే మందుకు ఒక గరిష్ఠ మొత్తం! ఈ మందును బరువు లెక్కన ఇస్తారు. 20 కిలోల పిల్లవాడికి ఒక్కసారికి 20 మిల్లీగ్రాములు చాలు, ఏడాదికి 26 సార్లు. అతనే పెరిగి 60 కిలోలైతే ఒక్కసారికి 60 కావాలి. ఖర్చు మూడింతలవుతుంది, మొత్తం మాత్రం అక్కడే ఉంటుంది. పోడోసైట్లకు మందు ఎక్కువగా కావలసిన యవ్వనంలోనే డబ్బు అయిపోతుంది.

అప్పుడు ఆసుపత్రిలో మొదలయ్యే ఆలోచన ఏమిటో ఎవరైనా ఊహించగలరు. రెండు వారాలకు బదులు నెలకోసారి ఇద్దాం, మూడు వయల్స్‌కు బదులు ఒకటిన్నరతో సర్దుదాం, లైసో-జీబీ3 చూస్తూ ఉందాం, అది మరీ పెరగకపోతే ఇదే కొనసాగిద్దాం. ఆ అంకె మరీ పెరగకపోవచ్చు. నాళాల లోపలి పొర కూడా తేటగానే ఉండొచ్చు. అందుకే ఆ రెండింటినీ చూపించి మోతాదు తగ్గించడాన్ని ఒప్పుకోకూడదు. తగ్గించక తప్పని పరిస్థితి వస్తే ఆ నిర్ణయం డబ్బు లేక తీసుకున్నదని కేసు షీటులో రాయాలి, రోగం అదుపులో ఉందని రాయకూడదు. పిల్లవాడి తల్లిదండ్రులకు తగ్గించిన మందు కిడ్నీలో ఏ కణానికి చేరుతుందో, ఏ కణానికి చేరదో తెలుగులో విడమరచి చెప్పాలి. నిధుల కోసం పంపే దరఖాస్తులో పోడోసైట్ల స్థితి గురించి పెథాలజిస్టు రిపోర్టు జతచేయాలి. దాన్ని చదివి మోతాదు పెంచే అధికారం ఆ కేంద్రానికి ఉండాలి.